పాస్కో టోపీ పెట్టుకున్నాడంటే

పోర్త్‌గారో ఊళ్ళో చెప్పులు కుట్టే పాస్కో ట్రెంబాత్‌కి తాగుడు లేదు, పేకాట లేదు, పొగాకు లేదు. ఉన్నదల్లా ఒక్కటే అలవాటు. ఎదురుగా లేని మనిషి గురించి ఎవరైనా ఒక్క మాటన్నా సరే, చేతిలో పని పక్కన పెట్టి, టోపీ పెట్టుకుని, "ఆగండి, ఆ మనిషిని పిలుచుకొస్తాను. ఎదురుగానే అందురుగాని" అని బయల్దేరేవాడు. ఉత్తినే బయల్దేరడం కాదు, నిజంగా పిలుచుకొచ్చేవాడు.

ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళకి తాగుబోతు మొగుళ్ళు ఉన్నారు. వాళ్ళు కూడా తమకి పాస్కోతో పెళ్ళి కానందుకు దేవుడికి దండం పెట్టుకునేవారు.

ఈ అలవాటు వల్ల ఊరందరికన్నా ఎక్కువ నష్టపోయిన మనిషి టామ్సిన్ నాన్‌కెర్విస్. ఆమె విధవరాలు. ఊరికంతటికీ ఉన్న ఒకే ఒక్క రొట్టెల బట్టీ ఆమెది. ఆడవాళ్ళు మాంసమూ దుంపలూ కూరి చుట్టిన పేస్టీలు ఇంటి దగ్గర్నుంచి తెచ్చి ఆ బట్టీలో కాల్పించుకునేవారు. పేస్టీ కాలేదాకా నిలబడి ఎదురుచూడాలి. ఊరికే నిలబడ్డ మనుషులకి కబుర్లు కావాలి. ఆ కబుర్లు అందించడమే టామ్సిన్ అసలు వ్యాపారం. రొట్టెలు కాల్చడం దానికి అనుబంధం.

ఆమె దురదృష్టం ఏమిటంటే, ఆ బట్టీకీ పాస్కో దుకాణానికీ మధ్య ఒకటే గోడ. అది కూడా పల్చటి గోడ.

మొదటిసారి ఏం జరిగిందో ఆమె చచ్చేదాకా మర్చిపోలేదు. ఆ రోజు బట్టీ నిండా జనం. టామ్సిన్ పిండి పిసుకుతూ, "ఆ మిల్లు హోస్కిన్ ఉన్నాడే, పిండి తూచేటప్పుడు బొటనవేలు కూడా తూస్తాడమ్మా. నేను కొన్న పిండిలో సగం వాడి వేలే!" అంది. అందరూ నవ్వారు. నవ్వు పూర్తయ్యేసరికి గోడ అవతల సుత్తి చప్పుడు ఆగిపోయింది. గుమ్మంలో పాస్కో తల కనిపించింది. తల మీద టోపీ ఉంది.

"ఆగు టామ్సిన్. హోస్కిన్‌ని పిలుచుకొస్తాను."

వేళాకోళం అనుకున్నారు. పేస్టీలు ఎర్రగా కాలే వేళకి పాస్కో వచ్చాడు. పక్కన హోస్కిన్. కనుబొమల మీద పిండి అలాగే ఉంది. పాస్కో అతనికి ముక్కాలిపీట జరిపి కూర్చోబెట్టి, "ఊఁ, చెప్పు టామ్సిన్" అన్నాడు.

"ఏం చెప్పను? హోస్కిన్ గారి పిండి మంచు కన్నా తెల్లగా ఉంటుందంటున్నాను."

"అది కాదు. వేలు అన్నావు."

"ఏ వేలు?"

"బొటనవేలు" అని అందించాడు పాస్కో, పాఠం మర్చిపోయిన పిల్లకి పంతులు గారు అందించినట్టు.

హోస్కిన్ తన బొటనవేలు వంక చూసుకున్నాడు. అందరూ దాని వంకే చూశారు. నిజానికి అది చాలా పెద్ద వేలే. మర్నాటి నుంచి హోస్కిన్ పిండి తూచేటప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఊరికి తూకం సరిగ్గా వచ్చింది. టామ్సిన్‌కి మాత్రం ఏళ్ళ తరబడి వాడుకోదగిన కబురొకటి ఒక్క పూటలో చేజారిపోయింది.

ఈ పిచ్చి పాస్కోకి పుట్టుకతో వచ్చింది కాదు. పుస్తకం వల్ల వచ్చింది.

పొలాల్లోనూ గనుల పక్క గుంతల్లోనూ నిలబడి బోధించే ఇద్దరు అన్నదమ్ముల మాట పోర్త్‌గారో ఉన్న ఆ పడమటి సీమ కోర్న్‌వాల్‌లో అప్పటికే బాగా నాటుకుంది. వాళ్ళ వెంట నడిచేవాళ్ళని మెథడిస్టులని మొదట్లో వెక్కిరించారు. తర్వాత ఆ వెక్కిరింతే పేరైపోయింది. అన్నగారు ప్రసంగాలు రాసేవారు, తమ్ముడుగారు పాటలు రాసేవారు. ఇద్దరూ గుర్రాలు మోయలేనన్ని రాసేవారు. మోయవలసింది మాత్రం గుర్రాలే. ఎనక్ రండల్ అనే తిరుగు బోధకుడు జీను సంచుల నిండా ఆ పుస్తకాలు కుక్కుకుని మూడు నెలలకోసారి పోర్త్‌గారో వచ్చేవాడు. అలా ఒకసారి పాస్కో చేతికి అన్నగారి ప్రసంగం ఒకటి, సన్నటి పుస్తకం, ఇచ్చి వెళ్ళాడు. మనిషి లేనప్పుడు అతని మీద చెడు మాట్లాడొద్దు, చెప్పవలసింది ఉంటే వెళ్ళి అతనికే చెప్పు. అందులోని సారం అదే.

ఆ తర్వాత రండల్ వచ్చినప్పుడల్లా పాస్కోతో ఇదే సంభాషణ.

"ఆ పుస్తకం అయిపోయిందా సోదరా? ఇంకోటి తీసుకో. దీనికన్నా బావుంటుంది."

"ఇంకా అవలేదండీ."

"ఉన్నదే నాలుగు కాగితాలు కదయ్యా! చదవడానికి ఇన్నేళ్ళా?"

"చదవడం ఆ సాయంత్రమే అయిపోయిందండీ. చెయ్యడం అవలేదు."

రండల్ తన సంచుల్లో ఉన్న పుస్తకాలన్నీ చదివినవాడు. ఆ జవాబు మొదటిసారి విన్న రోజున చేతిలో పుస్తకం మళ్ళీ సంచిలో పెట్టేసి గుర్రమెక్కాడు.

టామ్సిన్ అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. ఆమె కూడా మెథడిస్టే. వాళ్ళ ప్రార్థన కూటంలో చేరింది సగం ఆత్మ కోసం, సగం కబుర్ల కోసం. చెడు మాట్లాడకూడదు, అంతే కదా అనుకుని, మంచి మాట్లాడి చూసింది.

"మన జేబెజ్ ఉన్నాడు చూడండి, బంగారంలాంటి మనిషి! పెళ్ళాం ఎన్ని తిట్టినా నోరు విప్పడు" అంది ఓ రోజు, గోడకి వినపడేలా.

సుత్తి ఆగింది.

"ఇదేమిటి పాస్కో, నేను పొగిడానయ్యా!"

"మంచిమాట అతనికి చెప్పకుండా మనమే తినెయ్యడం ఏం న్యాయం?" అని పాస్కో వెళ్ళి జాలరి జేబెజ్‌ని పిలుచుకొచ్చాడు. పెళ్ళాం పేరు కూడా వచ్చింది కాబట్టి ఆవిణ్ణి కూడా పిలుచుకొచ్చాడు. ఆ పొగడ్త వాళ్ళిద్దరి ఎదుటా మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అది మధ్యలోనే ఇంకోలా మారిపోయింది. జేబెజ్ పెళ్ళాం ఆ తర్వాత చాలా రోజులు బట్టీకి రాలేదు, పేస్టీలు ఇంట్లోనే పెనం మీద మాడ్చుకుంది.

చచ్చిపోయినవాళ్ళ గురించి మాట్లాడుకుంటే గొడవుండదని ఒకావిడ సలహా ఇచ్చింది. పాస్కో కాసేపు ఆలోచించి, టోపీ పెట్టుకుని, పోయినాయన కొడుకుని పిలుచుకొచ్చాడు.

ఇదంతా కాదు గాని, జేబెజ్ రాజుగారిని తిట్టిన రోజు ఊరికి నిజంగా ముచ్చెమటలు పోశాయి. చేపలకి పట్టించే ఉప్పు మీద పన్ను పడిందని జేబెజ్ ఒళ్ళు మండి, "ఆ జార్జికి గొంతులో ఒక్క ముల్లయినా గుచ్చుకోదేం!" అన్నాడు. పాస్కో లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. లండన్ బాట దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినవాడిలా వెనక్కి వచ్చి, జేబులో ఒక పేస్టీ పెట్టుకుని, రెండో జత చెప్పులు మెడలో వేసుకున్నాడు.

"ఒరేయ్ జేబెజ్, ఏదో ఒకటి చెప్పి ఆపరా! వీడు వెళ్తే వెళ్తాడు" అంది టామ్సిన్.

"మామా, ఆగు! నేనన్నది రాజుగారిని కాదు. మా కుక్క పేరు జార్జి!"

పాస్కో ఆగాడు. "ఉప్పు మీద పన్ను వేసింది మీ కుక్కా?"

"పన్ను మాట వేరు, ముల్లు మాట వేరు. ముల్లు కుక్కకే."

పాస్కో అతని మొహం వంక చాలాసేపు చూశాడు. తర్వాత వెళ్ళి కుక్కని తెచ్చాడు. జేబెజ్ ఊరందరి ముందూ దాని ఎదురుగా నిలబడి ఆ మాట మొదట్నుంచి చివరిదాకా అనాల్సి వచ్చింది. కుక్క తోకాడించింది.

మెథడిస్టులంటే గిట్టనివాళ్ళు కూడా ఊళ్ళో తక్కువేం కాదు. వాళ్ళలో ముందుండేవాడు మిల్లు హోస్కిన్. కూటం జరుగుతుంటే కిటికీ దగ్గర చేరి పెద్ద డోలు వాయించేవాడు. ఒకసారి డోలు వాయిస్తూ, "మీ పెద్ద బోధకుడు పచ్చి మోసగాడు!" అని ప్రసంగాలు రాసే అన్నగారి మీద అరిచాడు. పాస్కో బయటికి వచ్చి, "ఆయన ఇప్పుడు ఉత్తరాదిన తిరుగుతున్నారు హోస్కిన్. వచ్చే కోతలకి ఇటు వస్తారు. అప్పటిదాకా ఈ మాట గుర్తుపెట్టుకుంటావా? నేను వచ్చి తీసుకెళ్తాను" అన్నాడు. కోపం లేదు, బెదిరింపు లేదు. పెళ్ళికి పిలిచినట్టే అన్నాడు. కోతల వేళకి హోస్కిన్ మిల్లుకి తాళం వేసి మేనమామ ఊరికి పారిపోయాడు. పెద్ద బోధకుడు జిల్లా దాటాడని నమ్మకంగా తెలిసిన తర్వాతే తిరిగొచ్చాడు. ఆ తర్వాత డోలు మిల్లులోనే ఒక మూల పడి ఉంది. పిల్లులు దాంట్లో ఈనేవి.

జమీందారు పెన్‌హాలో గారి భోజనం సంగతి అయితే చుట్టుపక్కల ఊళ్ళ దాకా పాకింది. పాస్కో ఆయనకి కొత్త బూట్లు కుట్టి, సరిగ్గా విందు వేళకి పట్టుకెళ్ళాడు. జమీందారు గారు ద్రాక్షసారాయి గ్లాసు పట్టుకుని పాదిరీ గారితో అంటున్నారు: "ఈ మెథడిస్టులందరూ దొంగలండీ! రాజద్రోహులు! ఫ్రెంచి ఓడలకి దీపాలు చూపించేది వీళ్ళే. ఒక్కొక్కణ్ణీ పట్టి యుద్ధనౌకల్లో పడేయించాలి."

పాస్కో బూట్లు తివాచీ మీద పెట్టాడు. "ఒక్క క్షణం ఆగండి బాబుగారూ" అని వెళ్ళిపోయాడు.

సూపు అయిపోయింది. చేప అయిపోయింది. వేట మాంసం పళ్ళెంతో నౌకరు వచ్చాడు. వాడి వెనకే పాస్కో. పాస్కో వెనక పోర్త్‌గారో మెథడిస్టులందరూ. బయట వాన. జాలర్ల ఒంటి మీద చేప పొలుసులు, గనివాళ్ళ ఒంటి మీద ఎర్రమట్టి. అందరూ తివాచీ మీద బుద్ధిగా నిలబడ్డారు. చోటు చాలక టామ్సిన్ పాదిరీ గారి కుర్చీని ఆనుకుని నిలబడాల్సి వచ్చింది.

"ఎవర్రా వీళ్ళంతా?" అన్నారు జమీందారు గారు.

"తమరు అన్నవాళ్ళేనండి. అందరూ రాలేదు, క్షమించండి. కొందరు చేపల వేటకెళ్ళారు, ఒకావిడ పురిట్లో ఉంది. వాళ్ళకి నేను తర్వాత తెలియజేస్తాను. మొదలుపెట్టండి బాబుగారూ. దొంగలు అన్న దగ్గర్నుంచి."

జమీందారు గారు నోరు తెరిచారు. ఆ గుంపులో ముందు వరసలో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. చిన్నప్పుడు ఆయనకి పాలిచ్చి పెంచిన దాది.

"నువ్వు కూడానా?" అన్నారాయన గొంతు తగ్గించి.

"నేనూ దొంగనేనా నాన్నా?" అందామె. "దీపాలు చూపిస్తున్నానా? ఈ కళ్ళకి గుమ్మమే కనపడదే!"

జమీందారు గారు గ్లాసు కింద పెట్టి, నౌకరు వైపు తిరిగి, "చూస్తావేం? వీళ్ళకి వేడిగా టీ ఇవ్వు" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన మెథడిస్టులని తిట్టడం మానలేదు గాని, తిట్టే ముందు లేచి తలుపులన్నీ గడియపెట్టుకునేవారు. అంత శ్రమ పడి తిట్టడం ఎందుకని నెమ్మదిగా తగ్గించారు.

జమీందారు గారి వంటింట్లో పనిచేసే పిల్ల మెలియోరా. అమ్మా నాన్నా లేరు. ఎక్కడో తూర్పున దూరపు ఊరు. కూటంలో పాట ఎత్తుకుంటే పాటలు రాసే తమ్ముడుగారు ఆ పిల్ల కోసమే రాశారేమో అనిపించేలా పాడేది. ఆ ఎండాకాలం చివర్లో ఆ పిల్ల పాడటం మానేసింది. నడుము దగ్గర గౌను బిగుతైంది. చలికాలానికి కూటానికి రావడం కూడా మానేసింది.

ఇలాంటి కబురు టామ్సిన్ చేతికి వచ్చి ఎన్నాళ్ళయిందో! గోడ వంక ఓ చూపు చూసి, గబగబా చెప్పేసింది. "పెళ్ళీ లేదు పెటాకులూ లేవు. కడుపు మాత్రం ఉంది. ఎవడో చెప్పదట!"

సుత్తి ఆగింది. పాస్కో టోపీతో గుమ్మంలోంచి ఒకసారి చూసి వెళ్ళాడు. పేస్టీలు కాలాయి, చల్లారాయి. పాస్కో తిరిగొచ్చాడు. ఒంటరిగా.

"రాలేదా?" అంది టామ్సిన్, నమ్మలేక.

"రాలేదు" అన్నాడు పాస్కో. వెళ్ళి పనిలో కూర్చున్నాడు.

ఊరి చరిత్రలో అలా జరగడం అదే మొదలు. మర్నాడు టామ్సిన్ మళ్ళీ ఆ మాట ఎత్తి చూసింది. పాస్కో మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ ఒంటరిగా వచ్చాడు. ఆ తర్వాత ఆమెకి పట్టపగ్గాలు లేకపోయాయి. ఏళ్ళ తరబడి మూసిన నోరు అది. పొద్దున మెలియోరా, మధ్యాహ్నం మెలియోరా. ఆ పిల్ల గౌను, ఆ పిల్ల కళ్ళు, ఆ పిల్ల ఏ సంతలో ఎవడితో నిలబడింది. మాట ఎత్తినప్పుడల్లా పాస్కో టోపీ పెట్టుకుని వెళ్ళడం, ఉత్త చేతులతో తిరిగి రావడం.

"ముసలితనం వచ్చేసింది పాపం. ఎక్కడికి బయల్దేరాడో దారిలోనే మర్చిపోతున్నాడు" అన్నారు ఆడవాళ్ళు.

"నిజమేనమ్మా. చూశారా, టోపీ కూడా నెరిసిపోయింది" అంది టామ్సిన్. నిజంగానే ఆ నల్లటోపీ అంచులన్నీ తెల్లబడి ఉన్నాయి.

అలా ఉండగా రండల్ గుర్రం వచ్చింది. మూడు నెలలకోసారి కూటంలో ఒక్కొక్కరి నడవడీ విచారించి చీటీ ఇవ్వడం ఆయన పని. చీటీ ఉన్నవాళ్ళు కూటంలో ఉన్నట్టు, లేనివాళ్ళు లేనట్టు. చేపలకి ఉప్పు పట్టించే కొట్టు మీది అటకలో అందరూ బల్లల మీద కూర్చున్నారు. రండల్ పేర్లు పిలుస్తూ చీటీలు ఇస్తున్నాడు. మెలియోరా పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు.

"ఆ అమ్మాయి రాలేదా?"

"ఏ మొహం పెట్టుకొస్తుందండీ?" అంది వెనక బల్ల మీంచి జేబెజ్ పెళ్ళాం. "టామ్సిన్‌ని అడగండి, అంతా చెబుతుంది."

టామ్సిన్ లేచింది. చెప్పింది. బట్టీలో చెప్పినంత రంజుగా రాలేదు గాని, అంతా చెప్పింది. బిడ్డ తండ్రి పేరు ఆ పిల్ల చెప్పడం లేదని, జమీందారు గారి భార్య పనిలోంచి తీసేశారని, పెళ్ళి కాని గర్భిణి ఊరికి భారమవుతుందని పెద్దలు సోమవారం బండెక్కించి దాని సొంత ఊరికి తోలేస్తున్నారని కూడా చెప్పింది. ఆ ఊళ్ళో దానికి ఎవరూ లేరని ఎవరో మెల్లగా అన్నారు.

రండల్ ఆ చీటీ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అప్పుడు మూల బల్ల మీంచి పాస్కో లేచాడు. టోపీ పెట్టుకున్నాడు.

"ఆగండి, పిలుచుకొస్తాను."

మెట్లు దిగిన చప్పుడు వినిపించింది. టామ్సిన్ మెట్ల వైపే చూసింది. ఇన్నాళ్ళూ రాని పిల్ల ఇవాళ వస్తే? ఆ పెద్ద కడుపుతో ఈ మెట్లెక్కి వచ్చి, తన ఎదురుగా నిలబడితే? పాస్కో ముక్కాలిపీట జరిపి, "ఊఁ, చెప్పు టామ్సిన్" అంటే? గౌను సంగతి ఎలా చెప్పాలి? సంత సంగతి? అదసలు తను చూసిందా, వట్టినే అందా? ఇప్పుడు గుర్తు రావడం లేదు. దేవుడా, ఆ పిల్ల ఇంట్లో ఉండకూడదు, పాస్కోకి దొరకకూడదు అని కళ్ళు మూసుకుంది. టామ్సిన్ మనస్ఫూర్తిగా ప్రార్థన చేసి చాలా కాలమైంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె పెదవులు కదలడం చూసి, భక్తి అనుకున్నారు. అది భక్తే.

మెట్ల మీద బరువైన అడుగులు. టామ్సిన్ కళ్ళు తెరిచింది.

పాస్కో పక్కన మిల్లు హోస్కిన్ నిలబడి ఉన్నాడు.

అటక అంతా ఒక్క నిట్టూర్పు. పాపం, మతి పోయిందన్న మాట నిజమే.

"పాస్కో మామా" అన్నాడు జేబెజ్ జాలిగా, "ఇవాళ హోస్కిన్ పేరు ఎవరూ ఎత్తలేదు మామా."

"ఎత్తారు" అన్నాడు పాస్కో. "ఆ పిల్లకి ఎవరూ లేరన్నారు కదా. కడుపులో బిడ్డకి తాత ఉన్నాడు. తీసుకొచ్చాను."

హోస్కిన్ మొహం, పిండి అంటని చోట్ల, ఎర్రబడింది.

"తండ్రి ఎవరో కూడా అడిగారు" అన్నాడు పాస్కో. "జోయెల్ కింద గాడిదని కట్టేస్తున్నాడు. మెలియోరాని గాడిద మీద తెచ్చాడు. ఈ మెట్లు ఎక్కించడం మంచిది కాదని ఆగాం."

జోయెల్ హోస్కిన్ కొడుకు. ఇరవై ఏళ్ళు దాటినా తండ్రి ముందు నోరు పెగలని పిల్లవాడు. మెట్ల మొదట్లోంచి వాడి గొంతు వినిపించింది: "నాన్నా, చెప్పావా? చెప్పకపోతే నేనే వచ్చి చెప్పేస్తా!" ఆ గొంతుకి అంత బలం ఉందని తండ్రికే తెలియదు.

"చెప్తున్నా, ఉండరా!" అని హోస్కిన్ కిందికి అరిచి, కూటం వైపు తిరిగాడు. డోలు లేకుండా మెథడిస్టుల ముందు నిలబడటం అతనికి అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అలవాటు కొద్దీ వెనక్కి కట్టుకున్నాడు.

"మావాడే. ఎండాకాలంలోనే పెళ్ళి చేసుకుంటానన్నాడు. నేనే కాళ్ళు విరగ్గొడతానన్నాను. మెథడిస్టు పిల్ల ఇంట్లోకొస్తే పొద్దున్నే లేపి నన్ను కూడా పాడమంటుందని నా భయం. నోరెత్తితే కొడుకు కాదన్నాను. వీడు నోరు మూసుకున్నాడు, వీడి కోసం ఆ పిల్లా మూసుకుంది. ఎవరికీ తెలియకుండా గడిచిపోయేది. ఇదిగో, ఈ చెప్పులవాడు లేకపోతే!"

"ఏం చేశాడు?" అన్నాడు రండల్.

"ఏమీ చెయ్యడండీ, అదే బాధ! తిట్టడు, బోధించడు. వచ్చి పిండి బస్తా మీద కూర్చుంటాడు. 'టామ్సిన్ ఇవాళ మళ్ళీ మాట్లాడింది హోస్కిన్. నీ మనవడి గురించి. నువ్వు లేనప్పుడు మాట్లాడితే బావుండదు, వస్తావా?' అంటాడు. రానంటాను. సరేనని మళ్ళీ కూర్చుంటాడు. కాసేపుండి వెళ్ళిపోతాడు. హమ్మయ్య అనుకుని తిరగలి తిప్పుతానా, మధ్యాహ్నం మళ్ళీ వస్తాడు. 'టామ్సిన్ ఇంకోసారి మాట్లాడింది.' నా మనవడని నేను అనుకోనే లేదు, వీడే రోజూ మనవడు మనవడు అని నా చెవిలో పోశాడు. మొన్న తూకం వేస్తూ, వాడికి నా ముక్కు వస్తుందా అని ఆలోచిస్తూ నిలబడిపోయాను. పిండి అంతా కింద పోయింది."

అందరి కళ్ళూ పాస్కో టోపీ మీద పడ్డాయి. అది నెరవలేదు. పిండి.

"మరి మొదటిరోజు మెలియోరా దగ్గరికి వెళ్ళావుగా?" అంది టామ్సిన్.

"వెళ్ళాను" అన్నాడు పాస్కో. "'మామా, వాళ్ళ ముందు నిలబడలేను, పీట వేసి కూర్చోబెట్టడానికి వాళ్ళు నన్ను పిలవడం లేదు కదా' అంది. నిజమే కదా. పుస్తకంలో ఉన్నది ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్ళ దగ్గరికి వెళ్ళమని. ఆలోచిస్తే, మీరు మాట్లాడేది ఆ పిల్ల గురించి కాదు. 'ఎవడో' అంటున్నారు. అది ఎవరో ఆ పిల్ల నాకొక్కడికే చెప్పింది. ఆ ఎవడో దగ్గరికి, వాడి తండ్రి దగ్గరికి వెళ్ళాను."

రండల్ చీటీ తీసుకుని, మెట్లు దిగి, గాడిద దగ్గరికి వెళ్ళి మెలియోరా చేతిలో స్వయంగా పెట్టాడు. రావడం మానేసినందుకు చిన్నగా మందలించి, పాటలు పాడేవాళ్ళు లేక కూటం గొంతు బొంగురు పోయిందని చెప్పాడు. సోమవారం వచ్చిన బండి ఉత్తదే వెళ్ళింది.

పెళ్ళి పాదిరీ గారి గుళ్ళోనే జరిగింది. హోస్కిన్ అందరికన్నా ముందు బల్ల మీద కూర్చుని, పాట వచ్చినప్పుడల్లా గట్టిగా దగ్గేవాడు. అందరికీ టామ్సిన్ కుంకుమపువ్వు రొట్టెలు కాల్చింది. ఊళ్ళో ఎప్పుడూ ఎవరూ తినలేదు అంత వెన్న వేసిన రొట్టెలు. పెళ్ళికూతురు ఆమె దగ్గరికి వచ్చినప్పుడు టామ్సిన్ ఏప్రన్ అంచుతో చేతులు తుడుచుకుంటూనే ఉండిపోయింది, తుడవడానికి ఏమీ లేకపోయినా.

"అత్తా" అంది మెలియోరా, "పాస్కో మామ చెప్పాడు. నువ్వు రోజూ అన్నిసార్లు నా మాట ఎత్తకపోతే ఆయన అన్నిసార్లు మిల్లుకి వెళ్ళేవాడే కాదట. నీ వల్లే పెళ్ళయిందన్నాడు."

అది దణ్ణమో దెబ్బో టామ్సిన్‌కి అర్థం కాలేదు. పిల్ల మొహం చూసింది. దాంట్లో దెబ్బ లేదు. "పెద్ద రొట్టె తీసుకో, ఇద్దరి తిండి తినాలి" అని పళ్ళెం ముందుకు తోసి, గబగబా గుడి వెనక్కి వెళ్ళింది. అక్కడ గోడ మీద కూర్చుని పాస్కో ఒంటరిగా పేస్టీ తింటున్నాడు.

"ఏం పాస్కో" అంది, "నా వల్లే అని చెప్పావటగా. అందరిలోనూ నన్ను సిగ్గుపడేలా చేద్దామనా?"

"లేదే. ఉన్నమాటే చెప్పాను" అన్నాడు పాస్కో. "హోస్కిన్ మొండివాడు. రోజుకి ఒకసారి వెళ్తే కరిగే మనిషి కాదు. నువ్వు మాట్లాడితే గాని నాకు వెళ్ళడానికి కారణం ఉండదు కదా. నీకు గుర్తుందో లేదో, మధ్యలో ఓ వారం నీకు గొంతు నొప్పి వచ్చి మాట పడిపోయింది."

"అవును. ఉప్పునీళ్ళు పుక్కిలించాను."

"ఆ వారం నేను భయపడినట్టు ఎప్పుడూ భయపడలేదు టామ్సిన్. పెళ్ళి ఆగిపోతుందేమోనని. నీ గుమ్మంలో తేనె సీసా పెట్టి వెళ్ళింది నేనే."

ఆ తేనె ఎవరు పెట్టారో కనుక్కోవడానికి అప్పట్లో టామ్సిన్ ఊళ్ళో ప్రతి ఇంటినీ అనుమానించింది. ఒక్కొక్కరి గురించీ ఒక్కొక్క కథ అల్లి చెప్పింది కూడా. చివరికి పక్కనే గోడ మీద చోటు చూసుకుని కూర్చుంది.

"మంచి తేనె" అంది.